పేషీ నుంచి ప్రధాని పీఠం దాకా

2023 సెప్టెంబరులో ఢిల్లీ భారత్ మండపంలో జీ20 సదస్సు మొదలైన ఉదయం టీవీ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కోణార్క్ చక్రం బొమ్మ ముందు నిలబడి ప్రధాని మోదీ ఒక్కొక్క దేశాధినేతనూ ఆహ్వానిస్తున్నారు. చైనా వంతు వచ్చేసరికి నడిచొచ్చింది జిన్‌పింగ్ కాదు, లి కియాంగ్. ప్రధాని అయి అప్పటికి ఆరు నెలలే. ఆ రెండు రోజులూ చర్చంతా జిన్‌పింగ్ ఎందుకు రాలేదన్న దాని మీదే నడిచింది. వచ్చిన మనిషి ఎవరు, అక్కడిదాకా ఎలా వచ్చారని అడిగినవాళ్లు తక్కువ. చైనా ఇవాళ ఎలా నడుస్తోందో తెలియాలంటే అడగాల్సింది ఆ ప్రశ్నే అని నా నమ్మకం.

లి కియాంగ్ 1959లో జెజియాంగ్ రాష్ట్రంలోని రుయాన్‌లో పుట్టారు. జిన్‌పింగ్‌లా విప్లవ నాయకుడి కొడుకు కాదు. పదిహేడేళ్లకు సాగునీటి పంపింగ్ స్టేషన్‌లో పనికి కుదిరారు. ఆ తర్వాత పనిముట్ల ఫ్యాక్టరీలో కార్మికుడు. మావో కాలపు సాంస్కృతిక విప్లవం ముగిసి కాలేజీల తలుపులు మళ్లీ తెరుచుకున్నాక 1978లో నింగ్‌బోలో వ్యవసాయ యంత్రాల చదువులో చేరారు. 1983లో పార్టీ సభ్యత్వం. 2002లో వెన్‌జౌ నగర పార్టీ కార్యదర్శి, అంటే ఆ ఊరికి పెద్ద. సొంత రాష్ట్రం దాటకుండా, ఎవరి కంటా పడకుండా సాగిన ఎదుగుదల అది.

వెన్‌జౌ గురించి కొంచెం చెప్పాలి. చుట్టూ కొండలు, ముందు సముద్రం, సాగుభూమి తక్కువ. బతకడానికి వేరే దారిలేక జనం ఇళ్లలోనే బొత్తాలు, బూట్లు, సిగరెట్ లైటర్లు తయారుచేయడం మొదలుపెట్టారు. ముందుగదిలో మిషన్లు, వెనకగదిలో సంసారం. ప్రైవేటు వ్యాపారం అనే మాటకే పార్టీ ఉలిక్కిపడే రోజుల్లో వాళ్లు చేసి చూపించారు. అలాంటి ఊరికి పెద్దగా పనిచేసిన మనిషికి వ్యాపారి అవసరం ఏమిటో, అనుమతి కాగితం ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. లి కియాంగ్‌ను ఎంత విమర్శించినా ఈ అనుభవాన్ని కాదనలేం.

అయితే ఆయన తలరాత మార్చింది వెన్‌జౌ కాదు. 2004లో ఆయన జెజియాంగ్ రాష్ట్ర పార్టీ కమిటీకి ప్రధాన కార్యదర్శిగా రాష్ట్ర రాజధాని హాంగ్‌జౌ వెళ్లారు. అప్పుడు ఆ రాష్ట్ర పార్టీ అధినేత షీ జిన్‌పింగ్. పేరులో ‘ప్రధాన’ ఉన్నా ఆ ఉద్యోగం మన లెక్కలో పెద్దాయన పేషీ చూసుకోవడమే. ఏ ఫైలు ముందు పోవాలి, ఎవరికి ఎంతసేపు అపాయింట్‌మెంట్, ఏ జిల్లాకు ఎప్పుడు పర్యటన, ఉపన్యాసంలో ఏ మాట ఉండాలి, ఏది ఉండకూడదు. పేషీ అంటే ఏమిటో తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 2007లో జిన్‌పింగ్ షాంఘై వెళ్లేదాకా ఆయన పక్కనే ఉన్న మనిషి లి కియాంగ్.

2012 చివర్లో జిన్‌పింగ్ పార్టీ అధినేత అయ్యాక ఆ పేషీ పనికి ఫలం దక్కింది. లి కియాంగ్ జెజియాంగ్ గవర్నర్ అయ్యారు, 2016లో జియాంగ్సు పార్టీ కార్యదర్శి, మరుసటి ఏడాదే షాంఘై పార్టీ కార్యదర్శి. షాంఘైలో ఆయన చేసిన పనిలో చెప్పుకోదగ్గది టెస్లా. 2019 జనవరిలో శంకుస్థాపన జరిగిన ఫ్యాక్టరీ నుంచి ఆ ఏడాది డిసెంబరు చివరికల్లా కార్లు బయటికొచ్చాయి. చైనా భాగస్వామి లేకుండా విదేశీ కంపెనీ సొంతంగా పెట్టుకున్న మొదటి కార్ల ఫ్యాక్టరీ అదే. అక్కడితో కథ ఆగి ఉంటే సమర్థుడైన పాలకుడు పైకొచ్చాడని రాసుకునేవాళ్లం.

ఆగలేదు. 2022 మార్చి 26న షాంఘై అధికారులు కోవిడ్ కోసం నగరాన్ని మూసే ప్రసక్తే లేదన్నారు. మర్నాడు రాత్రి మూస్తున్నట్టు ప్రకటించారు. ముందు నదికి తూర్పున నాలుగు రోజులు, తర్వాత పడమర నాలుగు రోజులు అన్నారు. ఆ నాలుగు రోజులు రెండు నెలలయ్యాయి. రెండున్నర కోట్ల మంది తలుపులు వేసుకుని కూర్చున్నారు. చైనాలోకెల్లా సంపన్న నగరంలో మధ్యతరగతి కుటుంబాలు తెల్లారకముందే లేచి కూరగాయల కోసం ఫోన్‌లో వేళ్లు అరిగేలా నొక్కాయి. అపార్ట్‌మెంట్ వాళ్లంతా కలిసి టోకున ఆర్డర్ పెట్టుకున్నారు. పాజిటివ్ వచ్చిన పసిపిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి తీసుకెళ్లారు. రాత్రిళ్లు బాల్కనీల్లోంచి గిన్నెలు మోగించారు. ఆకలి, మందులు, అంబులెన్సుల గురించి జనం ఫోన్లలో మొరపెట్టుకున్న గొంతులన్నీ కలిపి ఎవరో చిన్న వీడియో చేస్తే సెన్సార్ తీసేసింది. జనం దాన్ని తలకిందులు చేసి మళ్లీ పెట్టారు. మళ్లీ తీసేశారు, మళ్లీ పెట్టారు.

మనకూ దాని సెగ లేకపోలేదు. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల పరిశ్రమకు ముడిసరుకులో పెద్దభాగం చైనా నుంచే వస్తుంది. షాంఘై రేవు దగ్గర ఓడలు బారులు తీరితే ఇక్కడి కొనుగోలు విభాగాల్లో నిద్ర కరువవుతుంది.

ఇంత జరిగాక ఆ నగర పార్టీ అధినేత భవిష్యత్తు ముగిసిందని చాలామంది విశ్లేషకులు అనుకున్నారు. అదే ఏడాది అక్టోబరు 23న పార్టీ మహాసభ తర్వాత పార్టీలో అందరికన్నా పైనుండే స్టాండింగ్ కమిటీ కొత్తగా వేదిక మీదకొచ్చింది. జిన్‌పింగ్ వెనకే, రెండో స్థానంలో నడిచొచ్చింది లి కియాంగ్. 2023 మార్చి 11న పార్లమెంటు ఆయన్ను ప్రధానిగా ఎన్నుకుంది. అనుకూలంగా 2,936 ఓట్లు, వ్యతిరేకంగా 3, తటస్థంగా 8.

తొలి ప్రధాని జౌ ఎన్‌లై తర్వాత చైనాలో ప్రధాని అయిన ప్రతి ఒక్కరూ ముందు ఉపప్రధానిగా కేంద్ర ప్రభుత్వం ఎలా నడుస్తుందో నేర్చుకున్నవారే. ఝు రోంగ్జీ, వెన్ జియాబావో, లి కియాంగ్‌కు ముందు ప్రధానిగా ఉన్న లీ కెకియాంగ్, అందరూ ఆ మెట్టు ఎక్కి వచ్చారు. లి కియాంగ్ ఒక్కరోజు కూడా ఉపప్రధానిగా పనిచేయలేదు. చేసిన మనిషి ఒకరున్నారు, హు చున్‌హువా. టిబెట్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, 2018 నుంచి 2023 దాకా ఉపప్రధానిగా ఉన్నారు. పార్టీ యువజన విభాగమైన కమ్యూనిస్ట్ యూత్ లీగ్ నుంచి వచ్చిన ఆయన్ను 2022 మహాసభలో పార్టీ అగ్రనాయకుల బృందమైన పొలిట్‌బ్యూరో నుంచే తప్పించారు. షాంఘైలో జనం ఏమనుకున్నారన్నది లెక్కలోకి రాలేదు. పైనుంచి వచ్చిన ఆదేశాన్ని, సొంత పేరు చెడిపోతుందని తెలిసీ, చివరిదాకా అమలు చేశాడా లేదా అన్నదే లెక్క. ఆ పరీక్షలో లి కియాంగ్ నెగ్గారు.

ఆయన్ను ఉత్త తలూపే మనిషిగా కొట్టిపారేయడం కూడా సరికాదు. 2022 చివర్లో కోవిడ్ ఆంక్షలు త్వరగా ఎత్తేయాలని లోపల గట్టిగా పట్టుబట్టింది ఆయనే అని రాయిటర్స్ కథనం. వెన్‌జౌ మనిషిలో వ్యాపారుల గోడు వినే చెవి ఇంకా మిగిలే ఉందని నేను నమ్ముతాను. కానీ వినడం వేరు, బయటికి చెప్పగలగడం వేరు. ఆయన వచ్చాక ప్రధాని కుర్చీయే చిన్నదైపోయింది. వారం వారం జరిగే మంత్రివర్గ సమావేశాలను నెలకు రెండు మూడుకు తగ్గించారు. 2024లో స్టేట్ కౌన్సిల్ (కేంద్ర ప్రభుత్వం) చట్టాన్ని సవరించి, ప్రభుత్వం పార్టీ నాయకత్వం కింద పనిచేయాలని అందులోనే రాసుకున్నారు.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది ప్రెస్‌మీట్ రద్దు. 1993 నుంచి ఏటా మార్చిలో పార్లమెంటు సమావేశాలు ముగిశాక ప్రధాని విలేకరుల ముందు కూర్చునేవారు. ప్రశ్నలు ముందే వడపోసినవే అయినా అప్పుడప్పుడు ఒక నిజం జారిపడేది. మందుపాతరలున్నా, అగాధమున్నా వెనక్కి తగ్గనని 1998లో ఝు రోంగ్జీ అన్నది అక్కడే. 2012లో సాంస్కృతిక విప్లవం లాంటి విషాదం మళ్లీ రావచ్చని వెన్ జియాబావో అక్కడే హెచ్చరించారు. మర్నాడే చోంగ్‌చింగ్ పార్టీ అధినేత బో షిలాయ్ పదవి ఊడింది. 2020 మేలో లీ కెకియాంగ్ అదే వేదిక నుంచి, దేశంలో 60 కోట్ల మంది నెల ఆదాయం 1,000 యువాన్ల దగ్గరే ఉందన్నారు. పేదరికం పూర్తిగా పోయిందని చాటుకోవడానికి పార్టీ సిద్ధమవుతున్న ఏడాది అది.

ప్రధాని పదవి దిగిన ఏడు నెలలకే, 2023 అక్టోబరు 27న లీ కెకియాంగ్ గుండెపోటుతో షాంఘైలో కన్నుమూశారు. ఆయన చిన్నప్పుడు ఉన్న హెఫెయ్‌లోని ఇంటి ముందు జనం పూలు పెట్టారు. తెల్ల చామంతులు, పసుపు చామంతులు. గోడ వారగా మొదలై వీధి పొడుగునా గుట్టలు పడ్డాయి. నాలుగు నెలలు తిరిగాక, 2024 మార్చి 4న పార్లమెంటు ప్రతినిధి ఒక ప్రకటన చదివారు. ఈ ఏడాది ప్రధాని విలేకరుల సమావేశం ఉండదు, ప్రత్యేక పరిస్థితి ఏదైనా వస్తే తప్ప ఈ పార్లమెంటు పదవీకాలంలో మిగిలిన ఏళ్లలోనూ ఉండదు. ఆ 60 కోట్ల మంది గురించి లి కియాంగ్‌కు చెప్పాలని ఉన్నా, చెప్పడానికి ఆ వేదిక ఇప్పుడు లేదు.