సియోల్ కుక్కపిల్లల బండి గారికి

మహారాజశ్రీ కుక్కపిల్లల్ని కూర్చోబెట్టి తిప్పే తోపుడుబండి గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

2023లో మీ దక్షిణ కొరియాలో ఓ పెద్ద ఆన్‌లైన్ దుకాణంలో పసిపిల్లల బళ్లకంటే మీరే ఎక్కువ అమ్ముడుపోయారట. అభినందనలు. మేమంతా అమ్మ చంకెక్కి పెరిగినవాళ్లం, కాస్త అసూయగా ఉంది.

మీవాళ్లు సామాన్యులు కారు. 1953లో కొరియా యుద్ధం ఆగేనాటికి తిండికి కటకట. 1960ల్లో జుట్టుతో విగ్గులు చేసి అమెరికాకు అమ్మారు. తర్వాత ఉక్కు, ఓడలు, కార్లు, చిప్పులు. 1997లో దేశం అప్పుల్లో మునిగితే జనం పెళ్లి ఉంగరాలు సైతం తెచ్చి అప్పగించారు, 200 టన్నులకు పైగా బంగారం పోగయింది. మా ఇళ్లలో అడిగితే ముందు బీరువా తాళం మాయమవుతుంది.

అంత మాట వినే జనంతో సర్కారు 1970ల్లో 'ఆడైనా మగైనా ఇద్దరు చాలు' అంది. 1980ల్లో 'ఇద్దరు కూడా ఎక్కువే' అంది. విన్నారు. ఇంకా వింటూనే ఉన్నారు. 2023లో ఒక్కో స్త్రీకి సగటున 0.72 మంది పిల్లలు. ఇప్పుడు డబ్బులిస్తాం, కనండి మహాప్రభో అంటే ఎవరు కంటారు? సియోల్‌లో ఇల్లు కొనాలి. ఆపైన హాగ్వాన్, అంటే ట్యూషన్ సెంటరు. రాత్రి పదికి మూసేయండని రూలు పెడితే తప్ప పిల్లల్ని ఇంటికి పంపరు. కాలేజీ ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు వినిపించే కాసేపు విమానాలు కూడా దిగవు, లేవవు. మీ సవారీకి ఆ టెన్షన్ లేదు. కుక్కని ర్యాంకెంతని ఏ చుట్టమూ అడగడు.

మీ వీధిలోనే మీకు ఇంకో బంధువుంది, చూశారా? అట్టపెట్టెలు ఏరుకుని కిలోల లెక్కన అమ్ముకునే ముసలమ్మ తోసే బండి. దానికి గొడుగు లేదు, పరుపు లేదు. కుర్రతనంలో ఆ విగ్గులు కుట్టిన చేతులు కూడా అవే కావచ్చు. అక్కడ 65 దాటినవాళ్లలో నూటికి దాదాపు నలభై మంది పేదలే. ఎదురైనప్పుడు కాస్త దారివ్వండి. బరువంతా ఆ బండిలోనే ఉంది.

మీవాళ్ల కియా కార్లు మా పెనుకొండలో తయారవుతున్నాయి. 2024లో మా ఆంధ్రలోనూ ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న రూలు ఎత్తేశారు. అంటే మీరూ ఇటు వచ్చే రోజు దగ్గర్లోనే ఉన్నట్టుంది. వస్తే స్పేర్ చక్రాలు తెచ్చుకోండి, మా రోడ్లకు హామీ ఇవ్వలేను.

ఇట్లు,
చంకలో పెరిగిన ఓ తెలుగువాడు