లాన్ తిన్న పురుగుకు న్యాయం చేయాలి

అనంతపురానికి పెద్ద విపత్తే వచ్చిపడింది. కరువు అనుకునేరు, అది మనకు అలవాటే. మా కాలనీ పార్కులో లాన్ గోధుమరంగు మచ్చలు తేలింది.

నిందితురాలు చిన్న రెక్కల పురుగు. సాయంకాలం గడ్డిలో కాలు పెడితే చాలు, లేచి వంకరటింకరగా కాస్త దూరం ఎగిరి మళ్లీ ఓ పోచను పట్టుకుంటుంది. వాలగానే రెక్కలు ఒంటికి చుట్టేసుకుని కాల్చి పారేసిన బీడీముక్కలా ఉంటుంది. నిజానికి ఈ తల్లి పురుగు గడ్డి ముట్టదు. ఎగురుతూనే గుడ్లు జారవిడిచి పోతుంది. తినేది పిల్లలు. పగలు మొదళ్ల దగ్గర పట్టుదారంతో అల్లుకున్న గొట్టంలో పడుకుని, రాత్రి లేచి ఆకులను మొదలంటా కొరుకుతాయి. వరిలో కాండం తొలిచే పురుగుదీ ఇదే కుటుంబం. ఆ బంధువులు పొలాన్నే నమ్ముకుని మందు తిని చస్తుంటే, ఇవి పట్నం చేరి బాగుపడ్డాయి.

తొలకరికి వేరుశనగ చేల మీద ఎర్ర గొంగళి పురుగు దండెత్తితే రైతులు గట్ల మీద మంటలు వేసుకుని, చేను చుట్టూ కందకాలు తవ్వుకుని వాళ్ల పాట్లు వాళ్లు పడతారు. లాన్‌కు మాత్రం అత్యవసర సమావేశం జరిగింది. కార్యదర్శిగారు మచ్చ అంచున బక్కెట్టెడు సబ్బునీళ్లు పోయించారు. కాసేపటికే చుక్కల ఒంటి సన్నపురుగులు మెలికలు తిరుగుతూ పైకి వచ్చాయి. సభ్యులు రెండడుగులు వెనక్కి వేసి, ఫోన్లు తీశారు. గడ్డి తిన్నవారిని ఇంత త్వరగా పట్టుకున్న సంఘం జిల్లాలో మరొకటి ఉండదు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల ఇది. అయినా ఆ లాన్‌కు ట్యాంకరు నీళ్లు తప్పవు. ఆవు తొక్కరాదు, పిల్లలు ఆడరాదు, పెద్దలు నడవరాదని బోర్డు. గడ్డిని గడ్డిగా గుర్తించిన ప్రాణి ఈ పురుగొక్కటే. బోర్డునూ గౌరవించింది, ఎగిరే వచ్చింది. దీన్ని లబ్ధిదారుల జాబితాలో చేర్చాలని నా విన్నపం.

తీర్మానం వేరేగా వచ్చింది: మందు కొట్టాలి, రెండు వారాలు అటు ఎవరూ పోరాదు. ఇన్నాళ్లూ ఎవరు పోయారు గనుక!

పాలు పోసే ఆయన మిగిలిన గడ్డి కోసుకుంటానని, గేదెకు మేత లేదని అడిగాడు. మందు కొట్టిన గడ్డి, కుదరదన్నారు. పోయిన నెల అడిగినప్పుడు లాన్ అందం చెడుతుందన్నారు.