వెనకాల బోల్టు

సర్వీస్ సెంటర్‌వాడు మా డీజిల్ బండి చూసి ఈజీఆర్ వాల్వు మసి పట్టి జామ్ అయింది, కొత్తది వేయాలి, లేబర్‌తో కలిపి 28 వేలు అన్నాడు. స్టీలు రేకు ముక్కతో పోయేదానికి అంత ఎందుకు బావా అని మా బావమరిది వీడియో పంపాడు. ఆదివారం పొద్దున్నే అపార్ట్‌మెంట్ సెల్లార్లో బానెట్ ఎత్తాం. ఉపోద్ఘాతం ఇంతే. కుడి చేతి బొటనవేలు ఇంకా వాచే ఉంది, దాన్ని పక్కన పెట్టి మిగతా వేళ్లతో టైపు కొడుతున్నాను, కాబట్టి పొదుపుగా రాయాలి.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. డీజిల్ ఇంజను వదిలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్లోకే పంపే పైపు ఒకటుంటుంది, దాని గేటే ఈ వాల్వు. వాడేసిన గాలి కొంత కలిపితే లోపల మంట వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి. ఊరికి మంచిదే. ఇంజనుకే ఖర్మ. పొగలోని మసి, ఇంజను అడుగున ఉండే క్రాంక్‌కేసు నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి కలిసి, ఇంజన్లోకి గాలి వెళ్లే గొట్టాల (ఇన్‌టేక్ మానిఫోల్డ్) గోడల నిండా నల్లటి జిగురై పేరుకుంటాయి. అందుకని ఫోర్ బై ఫోర్ డీజిల్ బండ్లున్నవాళ్లు చాలామంది ఆ పైపు దారికి అడ్డంగా రేకు పెట్టి బోల్టులు బిగించేస్తారు. చట్టప్రకారం చేయకూడదు. కానీ పట్టుకునేదెవరు? పొల్యూషన్ సర్టిఫికెట్ వ్యాన్లో డీజిల్ బండికి చూసేది పొగ నలుపు ఒక్కటే, నైట్రోజన్ ఆక్సైడ్ల ఊసే ఉండదు. పైగా దారి మూసేస్తే మసి తగ్గుతుంది కాబట్టి రీడింగు ఇంకా బాగా వస్తుంది! ఈ నైట్రోజన్ ఆక్సైడ్ల లెక్కలో దొంగాట ఆడినందుకే 2015లో ఫోక్స్‌వాగన్ అంతటి కంపెనీ అమెరికాలో దొరికిపోయింది. ఇక్కడ పెట్రోల్ బంకు పక్కన వ్యాను పెట్టుకున్న కుర్రాడు సైలెన్సర్లో గొట్టం దూర్చి, నాలుగుసార్లు ఎక్సలేటర్ తొక్కించి, కాగితం చేతిలో పెట్టి పంపేస్తాడు.

ఇక ఆ వీడియో. అందులో ఆయన శుభ్రమైన గ్లోవ్స్ వేసుకుని, నవ్వుతూ, ముందు బోల్టు ఎలా తీయాలో క్లోజప్‌లో చూపించాడు. రెండువైపుల నుంచీ చూపించాడు. తర్వాత "వెనకాల బోల్టు కూడా ఇలాగే తీసేయండి ఫ్రెండ్స్" అన్నాడు. కట్. మరుక్షణం వాల్వు టేబుల్ మీద టీ కప్పు పక్కన కూర్చుని ఉంది. అనుమానం వచ్చి వేరేవాళ్ల వీడియోలు కూడా చూశాను, అందరికీ సరిగ్గా అక్కడే కట్. ఆ వెనకాల బోల్టు ఇంజనుకీ ఫైర్‌వాల్‌కీ, అంటే మన సీట్ల వైపుకి అడ్డుగా ఉండే రేకు గోడకీ, మధ్య ఉంటుంది, కంటికి కనపడదు, తడిమి చూసుకోవాలి, స్పానర్ పిసరంత తిరగ్గానే గోడ తగులుతుంది, మళ్లీ తీసి మళ్లీ తగిలించాలి. దాన్ని విప్పుతుండగా ఎవరైనా కెమెరా ఆన్‌లోనే ఉంచి ఉంటే నాకు లింకు పంపండి, ఆ మనిషికి పాదాభివందనం చేస్తాను.

బావమరిది చెయ్యి లావు. నా చెయ్యి సన్నం. కూలర్ పైపు కింద నుంచి, ఒక రబ్బరు హోసు క్లిప్పు పక్కగా, వేళ్లు చాపి దూర్చాను. మోచేతి దాకా వెళ్లింది. చివరి మరలు వేళ్లతోనే తిప్పాను, బోల్టు ఊడి అరచేతిలో పడింది, పిడికిలి బిగించి విజయగర్వంతో లాగాను.

రాలేదు.

వేళ్లు చాపితే చెయ్యి వస్తుంది. పిడికిలి మూస్తే రాదు. వేళ్లు చాపితే బోల్టు కింద పడుతుంది. కింద ఇంజనుకు రక్షణగా రేకుంటుంది, అందులో పడ్డది తీయాలంటే బండి జాకీ మీద ఎత్తాలి, ఆ జాకీ పోయిన సంక్రాంతికి బావమరిది పట్టుకెళ్లాడు, ఇప్పుడు వాళ్ల ఊళ్లో ఉంది. "మరి వదిలెయ్ బావా" అని ఆ జాకీ తిరిగివ్వని మనిషే అంటున్నాడు. వదిలితే? అది మామూలు బోల్టు కాదట, కంపెనీ బోల్టు, బయట దొరకదట, ఈ మాట చెప్పిందీ అతనే. ఆదివారం, రాణిగంజ్ స్పేర్‌పార్ట్‌ల షాపులన్నీ మూసి ఉంటాయి. రెండు వేళ్ల మధ్య ఇరికించుకుని లాగు అన్నాడు. ఆయిలు జిడ్డుకి జారుతోంది. ఇంజను ఇంకా పూర్తిగా చల్లారలేదన్న సంగతి మోచేతికి తెలుస్తోంది. పొట్ట గ్రిల్లు మీద, గడ్డం బ్యాటరీ మీద ఆనించి ఆలోచిస్తున్నాను.

ముందు వాచ్‌మన్ వచ్చాడు. తర్వాత రెండో అంతస్తు పిన్నిగారు కొబ్బరినూనె సీసాతో వచ్చి, ఏ చెయ్యో అడక్కుండా బయట ఉన్న చేతికి రాశారు. మా ఆవిడ మెట్ల మీది నుంచే "ఏవండీ, ఇడ్లీ చల్లారిపోతోంది" అంది. ఆఖర్న, లిఫ్టు మూడో అంతస్తు దగ్గర ఆగిపోయి జనం లోపలి నుంచి తలుపు బాదినా కిందికి దిగిరాని అసోసియేషన్ సెక్రటరీ గారు మనవరాలిని వెంటేసుకుని వచ్చారు. ఆయన నా చెయ్యి చూడలేదు. నేల చూశారు. టైల్ మీద ఆయిలు చుక్క ఉంది. ఒక్కటే, రూపాయి బిళ్లంత.

"కామన్ ఏరియాలో మెకానిక్ పనులేంటండీ?"

"చెయ్యి ఇరుక్కుందండి."

"అదే అంటున్నా. చెయ్యి కామన్ ఏరియాలోనే కదా ఇరుక్కుంది."

కాదని ఎలా అంటాను? ఆయన ఫోను తీసి ముందు చుక్కని, తర్వాత నన్ను, తర్వాత నన్నూ చుక్కనీ కలిపి ఫొటో తీశారు. మనవరాలు నన్ను కాసేపు పరీక్షగా చూసి, "తాతయ్యా, కుండలో శనగలు పట్టుకున్న కోతి కథ మా టీచర్ చెప్పింది" అంది. ఆ సెల్లార్లో సెక్రటరీ గారు నవ్వడం అందరూ చూశారు, అంతకుముందు ఎవరూ చూసి ఎరగరు. నవ్వు అయ్యాక సంచిలోంచి ఒక కాగితం తీశారు. "ఎలాగూ ఇక్కడే ఉన్నారు, అన్ని ఫ్లాట్లవాళ్ల సంతకాలూ తీసుకుంటున్నా, మీరు దొరకడమే కష్టం." కుడి చెయ్యి లోపలుందండీ అన్నాను. "ఎడమ చేత్తో పెట్టినా చెల్లుతుంది" అన్నారు, అట్ట మీద కాగితం పెట్టి నా ముక్కు దగ్గర పట్టుకున్నారు. చదవడానికి కళ్లద్దాలు లేవు. కొబ్బరినూనె చేత్తో గీకేశాను.

వాచ్‌మన్ ఒక్కడే పనికొచ్చే పని చేశాడు. బండి కింద పడుకుని పాత గోనెసంచి పైకి దోపి "ఇడిసిపెట్టుండ్రి సార్, నేను పడుతా" అన్నాడు. ఇడిసిపెట్టాను. చెయ్యి వచ్చేసింది, బొటనవేలి మీది తోలు కొంచెం క్లిప్పుకే ఉండిపోయింది. బోల్టు సంచిలో పడలేదు. రేకులోనూ లేదు, తర్వాత వెతికించాం. ఎక్కడో ఒకచోట ఆగి ఉంది, స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా టంగుమంటుంది.

బయటెక్కడా దొరకని ఆ కంపెనీ బోల్టు పక్కవీధిలో బైకు మెకానిక్ దగ్గర పది రూపాయలకు దొరికింది. వాల్వు దారికి అడ్డంగా రేకు బిగించేశాం. పికప్ పెరిగింది, బావమరిది కాలరెగరేశాడు.

తర్వాత అత్తామామల్ని ఎక్కించుకుని అనంతగిరి వెళ్తుంటే ఘాట్ రోడ్డు మీద చెక్ ఇంజన్ లైటు వెలిగింది, ఇంజను 3,000 ఆర్పీఎం దాటనంది, ఇటుకల ట్రాక్టరొకటి హారన్ కొట్టి మరీ మమ్మల్ని దాటుకుపోయింది. స్కానర్ పెడితే కోడ్ పి0401. ఈజీఆర్ ప్రవాహం చాలడం లేదట. వాల్వు తెరిచినప్పుడు బయటి నుంచి వచ్చే గాలి తగ్గాలి, తగ్గడం లేదు, గాలి కొలిచే మీటరు చూసుకుని ఇంజను కంప్యూటర్ కనిపెట్టేసింది. వ్యాన్ కుర్రాడికి లేని పట్టింపు దానికుంది. బావమరిదికి ఫోన్ చేశాను. "అరె, రేకుకి మధ్యలో చిన్న బెజ్జం పెట్టాలి బావా, కొంచెం పొగ పోనివ్వాలి, చెప్పడం మర్చిపోయా. ఏముంది, మళ్లీ ఆ రెండు బోల్టులు విప్పితే సరి" అన్నాడు.

విప్పడానికి లేదు. నిన్న నోటీసు బోర్డులో తీర్మానం అంటించారు. సెల్లార్లో వాహనాల రిపేర్లు నిషిద్ధం, ఉల్లంఘిస్తే 2,000 జరిమానా, గత ఆదివారం నుంచే అమలు. కింద సభ్యుల సంతకాలున్నాయి. మొదటిది ఎవరిదో ఎవరికీ అర్థం కావడం లేదట, దాని మీద నూనె మరక ఉంది.