వరంగల్‌కు ఒక వాక్యూమ్ చాంబర్ కావాలి

శ్రీహరికోట నుంచి రాకెట్ లేచిన రోజు మన వాట్సాప్ గ్రూపులన్నీ నిండిపోతాయి. మంట, పొగ, కౌంట్‌డౌన్, చప్పట్లు. ఆ సంతోషం నాకూ ఉంటుంది. కానీ రాకెట్ పని కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. దాని మీద ఎక్కి వెళ్లిన ఉపగ్రహం ఆ తర్వాత పదీ పదిహేనేళ్లు పైన బతకాలి. తన చోటుకు తానే చేరుకోవాలి, చేరిన చోట నిలబడాలి. ఆ పని చేసే ఇంజన్ గురించి మన టీవీల్లో మాట ఉండదు, మన కాలేజీల్లో పాఠం ఉండదు. నేను హనుమకొండలో ఫిజిక్స్ చెబుతాను. చాలా రోజులుగా ఈ సంగతి తలుచుకుంటే కడుపు మండుతోంది. కరెంటుతో నడిచే అలాంటి ఇంజన్ భాగాలను నేల మీదే పరీక్షించడానికి గాలి తీసేసిన పెట్టె, అంటే వాక్యూమ్ చాంబర్, మన దగ్గర ఎందుకు కావాలో చెప్పడానికే ఇంత పొడుగు పోస్ట్. ఓపికుంటే చదవండి.

ముందు బరువుల లెక్క చూద్దాం. మన రాకెట్లలో పెద్దది ఎల్‌వీఎం-3. 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండే భూస్థిర కక్ష్య దారిలో అది మోసేది నాలుగు టన్నులు, కొంచెం అటూ ఇటూ. 2025 నవంబర్‌లో 4,410 కిలోల సీఎంఎస్-03ని మోసి భేష్ అనిపించుకుంది. కానీ 2018 డిసెంబర్‌లో 5,854 కిలోల జీశాట్-11ని సముద్రాలు దాటించి, ఫ్రెంచ్ గయానాలో ఏరియాన్-5 మీద ఎక్కించాల్సి వచ్చింది. 2024 నవంబర్‌లో 4,700 కిలోల జీశాట్-ఎన్2 కోసం అమెరికా వెళ్లి ఫాల్కన్-9 కిరాయికి మాట్లాడుకున్నాం. ఇంతా చేస్తే, ఇలాంటి ఉపగ్రహాల బరువులో సగానికి అటూ ఇటూ ఉండేది ద్రవ ఇంధనమే. నాలుగు టన్నుల ఉపగ్రహంలో రెండు టన్నులకు పైగా ఇంధనం పోయాల్సి వస్తోందని, మంట బదులు కరెంటుతో తోసే ఎలక్ట్రిక్ ప్రొపల్షన్ పెడితే అది 200 కిలోల దాకా దిగుతుందని ఇస్రో వాళ్లే చెబుతున్నారు. మిగిలిన బరువులో సిగ్నళ్లు అందుకుని తిరిగి పంపే ట్రాన్స్‌పాండర్లు ఎన్ని పడతాయో ఆలోచించండి. అదే ఉపగ్రహాన్ని మన రాకెట్ మీదే, మన నేల మీది నుంచే పంపే వీలు ఎంత పెరుగుతుందో ఆలోచించండి.

ఇదేమీ మాయ కాదు. వెనక్కి విసిరే పదార్థం ఎంత వేగంగా పోతే, అంత తక్కువ పదార్థంతో పని జరుగుతుంది. ఉపగ్రహాల్లో ఇప్పటిదాకా వాడుతున్న రసాయన ఇంజన్ వాయువులను సెకనుకు సుమారు మూడు కిలోమీటర్ల వేగంతో విసురుతుంది. ఎంత మండించినా రసాయనంలో ఉన్న శక్తి అంతే, దానికి మించి రాదు. ఎలక్ట్రిక్ ఇంజన్‌లో మంట లేదు. సోలార్ ప్యానెళ్ల నుంచి కరెంటు వస్తుంది, ఆ కరెంటుతో వాయువులోని అణువులను చార్జ్ ఉన్న అయాన్లుగా మార్చి, వోల్టేజీతో తోసేస్తాం. వీటిలో హాల్ థ్రస్టర్ అనే రకం అయితే సెకనుకు పదిహేను, ఇరవై కిలోమీటర్లు. గ్రిడ్ ఉన్న అయాన్ ఇంజన్ అయితే ముప్ఫై కిలోమీటర్ల దాకా పోతుంది.

హాల్ థ్రస్టర్ లోపల జరిగేది చెప్పకుండా నేను ముందుకు పోలేను, ఎందుకంటే ఫిజిక్స్ టీచర్‌కు ఇంతకంటే అందమైన వస్తువు దొరకదు. బోరాన్ నైట్రైడ్ అనే తెల్లటి సిరామిక్‌తో చేసిన గుండ్రటి గాడి ఒకటి ఉంటుంది. గాడి అడుగున ఆనోడ్, అక్కడి నుంచే జెనాన్ వాయువు లోపలికి వస్తుంది. బయట అంచు దగ్గర చిన్న గొట్టంలాంటి కాథోడ్, ఎలక్ట్రాన్లను వదులుతుంది. గాడికి అడ్డంగా అయస్కాంత క్షేత్రం. ఎలక్ట్రాన్లు ఆనోడ్ వైపు ఉరకబోతాయి, అయస్కాంతం పోనివ్వదు. ఇటు పోలేక, అటు పోలేక గాడి చుట్టూ గిరగిరా తిరుగుతుంటాయి. ఆ తిరుగుడులో జెనాన్ అణువులను గుద్ది అయాన్లుగా మారుస్తాయి. అయాన్ బరువైనది, ఆ అయస్కాంతం దాన్ని పట్టుకోలేదు. కాబట్టి సుమారు మూడు వందల వోల్టుల తోపుడుకు అది బయటికి దూసుకుపోతుంది. అలా పాజిటివ్ అయాన్లే పోతూ ఉంటే ఉపగ్రహానికి నెగటివ్ చార్జ్ పేరుకుపోతుంది కదా? అందుకని ఆ కాథోడే కొన్ని ఎలక్ట్రాన్లను అయాన్ల వెంట పంపి లెక్క సరిచేస్తుంది. ఇందులో లారెంట్జ్ బలం ఉంది, అయనీకరణం ఉంది, న్యూటన్ మూడో సూత్రం ఉంది. మనం ఇంటర్‌లో బట్టీ పట్టించే చాప్టర్లన్నీ అరచేయంత వస్తువులో కలిసి పనిచేస్తున్నాయి.

దీని లోపం కూడా పిల్లలకు దాచకుండా చెప్పాలి. ఇస్రో తయారుచేసిన పెద్ద థ్రస్టర్ తోపుడు బలం 300 మిల్లీన్యూటన్లు. అంటే ముప్ఫై గ్రాముల బరువంత. దానికి 5.4 కిలోవాట్ల కరెంటు కావాలి. ఉపగ్రహాల్లో వాడే మన రసాయన ఇంజన్ 440 న్యూటన్లు తోస్తుంది, దాని ముందు ఇది ఎక్కడ? నేల మీద పెడితే ఈ ఇంజన్ తన బరువును తాను లేపుకోలేదు. క్లాసులో ఇది చెప్పినప్పుడు పరకాల నుంచి వచ్చే ఒక అబ్బాయి లేచి, "సార్, ముప్ఫై గ్రాములంత తోస్తే నాలుగు టన్నులు కదులుతదా?" అన్నాడు. "కదులుతది బిడ్డా, పైన ఆపేటోడు ఎవ్వడూ లేడు. రా, బోర్డు మీద లెక్క చెయ్" అన్నాను. 0.3 న్యూటన్లను 4,000 కిలోలతో భాగించి, రోజులోని 86,400 సెకన్లతో గుణించాడు. సెకనుకు ఆరున్నర మీటర్లు వచ్చింది. అంటే రోజంతా తోస్తే సైకిల్ తొక్కేంత వేగం పెరుగుతుంది. అంతే కదా అనుకోవద్దు. రెండు థ్రస్టర్లు పెట్టి అయిదారు నెలలు ఆపకుండా తోస్తే, ఆ పెరుగుదల సెకనుకు రెండు కిలోమీటర్లు దాటుతుంది. రాకెట్ వదిలిన కక్ష్య నుంచి 36 వేల కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కడానికి దాదాపు అంతే కావాలి. ఆ అబ్బాయి సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపే చూస్తూ ఉండిపోయాడు. ఇలాంటి లెక్క ఒక్కటి మన పాఠ్యపుస్తకంలో ఉంటే ఎంత బాగుండేది!

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కూడా కాదు. అయాన్ ఇంజన్ అంతరిక్షంలో మొదటిసారి నడిచింది 1964లో, నాసా సెర్ట్-1 ప్రయోగంలో, అరగంట పాటు. సోవియట్ శాస్త్రవేత్తలు 1971 చివర్లో పంపిన మెటియోర్ ఉపగ్రహంలో హాల్ థ్రస్టర్ పెట్టారు. సోవియట్ యూనియన్ కూలిపోయాక గానీ పశ్చిమ దేశాలు ఆ థ్రస్టర్ల సత్తాను దగ్గర నుంచి చూడలేదు. అయాన్ ఇంజన్లున్న నాసా వాళ్ల డాన్ నౌక 2007లో బయల్దేరి, 2011లో వెస్టా అనే గ్రహశకలం చుట్టూ తిరిగి, అక్కడి నుంచి కదిలి 2015లో సెరెస్ అనే మరుగుజ్జు గ్రహం కక్ష్యలోకి చేరింది. భూమిని దాటి రెండు వేర్వేరు లోకాల చుట్టూ తిరిగిన మొదటి నౌక అదే. మోసుకెళ్లిన జెనాన్ 425 కిలోలు. 2015లో అయితే రసాయన ఇంజన్ అసలే లేని కమ్యూనికేషన్ ఉపగ్రహాలను బోయింగ్ తయారుచేసి ఇచ్చింది. అవి ఒట్టి కరెంటు తోపుడుతోనే కక్ష్యకు ఎక్కాయి.

మనమో? 2010 ఏప్రిల్‌లో జీశాట్-4కు అయాన్లుగా మారిన వాయువుతో, అంటే ప్లాస్మాతో తోసే థ్రస్టర్లు పెట్టి పంపితే, రాకెట్ విఫలమై బంగాళాఖాతంలో పడింది. ఆ తర్వాత ఏడేళ్లకు, 2017 మే 5న వెళ్లిన జీశాట్-9లో ఎలక్ట్రిక్ ప్రొపల్షన్ పనిచేసింది. సంతోషమే, కానీ అది రష్యా నుంచి తెచ్చుకున్నది. మన సొంత 300 మిల్లీన్యూటన్ల థ్రస్టర్ వెయ్యి గంటల జీవిత పరీక్ష పూర్తిచేసిందని ఇస్రో 2025 మార్చిలో ప్రకటించింది. ఆ రోజు నాకు పండగే. వెయ్యి గంటలంటే నలభై రోజులకు పైగా వాక్యూమ్ చాంబర్‌లో నడవడం. అయాన్లు సిరామిక్ గోడను కొద్దికొద్దిగా కొరికేస్తుంటాయి, ఆ అరుగుదల ఎంతో కొలవడానికే ఈ పరీక్ష. ఆ వార్త మన పేపర్లలో లోపలి పేజీలో ఎక్కడో చిన్న ముక్కగా వచ్చింది. ఇస్రో ఇంజన్ల కేంద్రం ఉన్న వలియమలలో దీని మీద ఏళ్లు ధారపోసిన ఇంజనీర్లకు దక్కాల్సిన గౌరవం అదేనా?

ఇక మన వరంగల్ సంగతి. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, అందరి నోటా ఒకటే మాట: సీఎస్ఈ, లేకపోతే సీఎస్ఈలో ఏఐ. మెకానికల్, ఈఈఈ సీట్లు అడిగేవాడు లేడు. డిగ్రీ అడ్మిషన్ల దోస్త్‌లో బీఎస్సీ ఫిజిక్స్ పెట్టుకునే పిల్లలను పిలిచి బతిమాలుకోవాల్సిన పరిస్థితి. పిల్లల తప్పు కాదు, ఉద్యోగం కనిపించే వైపే పోతారు. నా కోపమంతా, ఇటువైపు కూడా పని ఉందని వాళ్లకు చెప్పని మన మీద, మన కాలేజీల మీద. ఈ చుట్టుపక్కల ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబ్‌లో మంచి రోటరీ వాక్యూమ్ పంపు చూశాను. పైన పాత బ్యానర్ గుడ్డ కప్పి ఉంది. గాజు కిటికీలోంచి చూస్తే ఆయిల్ నల్లగా గడ్డకట్టి ఉంది, బెల్టు ఎండి పగిలింది. తనిఖీ బృందం వచ్చినప్పుడు తుడిచి పెడతారట. దాన్ని బాగుచేయించి డిశ్చార్జ్ ట్యూబ్ వెలిగిద్దాం, పిల్లలు ప్లాస్మాను కళ్లతో చూస్తారు అని అడిగితే, యాజమాన్యం వేసిన ప్రశ్న ఒక్కటే: "దీంతో ప్లేస్‌మెంట్లు వస్తాయా సార్?"

వస్తాయి. ఎలా వస్తాయో చెబుతాను. హాల్ థ్రస్టర్ వెనక పవర్ ప్రాసెసింగ్ యూనిట్ అని ఒక పెట్టె ఉంటుంది. ఉపగ్రహంలోని తక్కువ వోల్టేజీని తీసుకుని థ్రస్టర్‌కు కావాల్సిన మూడు వందల వోల్టులకు ఎక్కించేది, ప్లాస్మా ఒక్కసారిగా గుంజినా, ఆగినా తట్టుకునేది అదే. అది పవర్ ఎలక్ట్రానిక్స్. మన ఈఈఈ పిల్లలు ఏటా వోల్టేజీని తగ్గించే బక్ కన్వర్టర్, పెంచే బూస్ట్ కన్వర్టర్ ప్రాజెక్టులు చేస్తూనే ఉన్నారు. చాలామంది రికార్డు రాసి, వైవా అయ్యాక ఆ బోర్డును అటక మీద పడేస్తున్నారు. 1959లో దేశంలో మొదటి ఆర్ఈసీగా (రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీగా) మొదలైన నిట్ మన ఊళ్లోనే ఉంది. 2,600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీ రెండు మూడు గంటల ప్రయాణం. సింగరేణి బొగ్గు, గోదావరి నీళ్లు కలిసి కరెంటు పుట్టే ప్రాంతం ఇది. హై వోల్టేజీ దగ్గర జాగ్రత్తగా చెయ్యి పెట్టడం తెలిసిన టెక్నీషియన్లు పెద్దపల్లి, మంచిర్యాల, జగిత్యాలలో ఎంతమంది లేరు? టైటానియం, ప్రత్యేక మిశ్రమ లోహాలు చేసే మిధాని హైదరాబాద్‌లో ఉంది. అన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి.

వాయువు కూడా. జెనాన్ చాలా అరుదు, గాలిలో కోటి పాళ్లకు ఒక్క పాలు కూడా ఉండదు. పెద్ద ఉక్కు కర్మాగారాల ఆక్సిజన్ ప్లాంట్లలో గాలిని ద్రవంగా మార్చి విడదీసేటప్పుడు కొద్దికొద్దిగా దొరుకుతుంది. రష్యా, ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఈ అరుదైన వాయువులకు ఎంత కటకట వచ్చిందో ఆ రంగంలో అందరికీ తెలుసు. ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ అయితే జెనాన్ బదులు మొదట క్రిప్టాన్ వాడి, 2023 నుంచి కొత్త ఉపగ్రహాలకు ఆర్గాన్‌కు మారింది. ఆర్గాన్ తేలిక, అయాన్‌గా మార్చడానికి ఎక్కువ శక్తి కావాలి, కానీ గాలిలో దాదాపు నూటికి ఒక పాలు అదే. ములుగు రోడ్డులో స్టీల్ రెయిలింగ్ చేసే షాపుల ముందు నిలబెట్టి ఉంటాయే సిలిండర్లు, "ఆర్గాన్ వెల్డింగ్ చేయబడును" అని బోర్డు ఉంటుందే, ఆ ఆర్గానే. వెల్డర్ అన్న టార్చ్ నొక్కినప్పుడు స్టీలు నల్లబడకుండా కాపాడే వాయువే పైన వేల ఉపగ్రహాలను తోస్తోంది. ఈ మాట చెప్పాక, ఆ షాపు నడిపే మా పక్కింటాయన కొడుకు నన్ను వదిలిపెట్టడం లేదు, ఇంకా చెప్పండి సార్ అంటూ.

ఎలక్ట్రిక్ ప్రొపల్షన్ అన్నింటికీ పనికొస్తుందని నేను అనడం లేదు. నెలల తరబడి నెమ్మదిగా ఎక్కే ఉపగ్రహం భూమి చుట్టూ ఉన్న వాన్ అలెన్ రేడియేషన్ పట్టీల్లో ఎక్కువ కాలం ఉండాలి, సోలార్ ప్యానెళ్లు కొంత దెబ్బతింటాయి. అర్జెంటుగా సేవ మొదలుపెట్టాల్సిన ఉపగ్రహానికి ఆరు నెలల ఆలస్యం భారమే. రక్షణ అవసరాలకు గబుక్కున పక్కకు జరగాలంటే రసాయన ఇంజనే దిక్కు. కానీ చిన్న ఉపగ్రహాలు వందల్లో, వేలల్లో పెరుగుతున్న రోజులివి. కింది కక్ష్యలో గాలి లాగుడుకు తట్టుకోవాలన్నా, ఎదురొచ్చే శకలాన్ని తప్పుకోవాలన్నా, ఆయుష్షు తీరాక చెత్తగా మిగలకుండా కిందికి దిగాలన్నా ఒక చిన్న, పొదుపైన ఇంజన్ ఉండాల్సిందే. 2030 నాటికి మన ప్రయోగాలు శకలాలు మిగల్చకూడదని ఇస్రో లక్ష్యం పెట్టుకుంది. ఇంజన్ లేని ఉపగ్రహాలతో అది ఎలా సాధ్యం?

బెంగళూరులో బెల్లాట్రిక్స్ అనే స్టార్టప్ 2024 జనవరిలో, పీఎస్ఎల్‌వీ చివరి అంచె మీద ఏర్పాటుచేసిన పోయెమ్-3 వేదికపై తన థ్రస్టర్ కాథోడ్‌ను పరీక్షించింది. అదే పని వరంగల్ పిల్లలు ఎందుకు చేయకూడదు? మొత్తం థ్రస్టర్ అక్కర్లేదు, ఆ గొట్టంలాంటి కాథోడ్ ఒక్కటి చాలు మొదలుపెట్టడానికి. రోటరీ పంపు ఒక్కటే సరిపోదు, దానికి తోడు టర్బో పంపు, మంచి స్టీల్ చాంబర్, ప్రెజర్ గేజ్‌లు కావాలి. ఒక్క కాలేజీకి భారమైతే నాలుగు కాలేజీలు కలిసి పెట్టుకోవచ్చు, నిట్‌తో మాట్లాడి ఒకే చోట ఉంచి వారానికి కొన్ని స్లాట్లు పంచుకోవచ్చు. స్టీల్ చాంబర్ వెల్డింగ్ మన ములుగు రోడ్డులోనే చేయించి, లీకులు మన పిల్లలతోనే పట్టించవచ్చు. లీకు పట్టడం నేర్చుకున్న పిల్లాడికి చిప్‌లు చేసే సెమీకండక్టర్ ఫ్యాబ్‌లోనూ పని దొరుకుతుంది. ప్లేస్‌మెంట్ అడిగిన వాళ్లకు ఇది నా జవాబు.

మీ కాలేజీలో గుడ్డ కప్పిన పంపు ఉంటే నాకు చెప్పండి. ఆయిల్ మార్చి, బెల్టు వేసి నడిపించే బాధ్యత నాది, సెలవు రోజుల్లో వస్తాను. ఈఈఈలో కన్వర్టర్ ప్రాజెక్టు చేస్తున్న ఫైనల్ ఇయర్ పిల్లలు ఉంటే, మూడు వందల వోల్టుల ప్లాస్మా లోడ్‌కు తగ్గట్టు డిజైన్ మార్చడానికి కూర్చుందాం. నిట్‌లో, కాకతీయ యూనివర్సిటీలో పనిచేసే మిత్రులు ఎవరైనా చాంబర్ పెట్టుకోవడానికి ఒక గది ఇప్పించగలరేమో అడిగి చూడండి. త్రీ ఫేజ్ కరెంటు, నీళ్ల లైను ఉన్న గది అయితే చాలు.