పల్లవికి తిరిగి రాకముందే

మొన్న ఉగాది సాయంత్రం మన హాల్లో జరిగింది అందరికీ గుర్తుండే ఉంటుంది. పంచాంగ శ్రవణం అయ్యాక, పిల్లల కూచిపూడికి ముందు, మన పిల్లలే అయిదుగురు అమెరికన్ రాక్ బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్ పాట ఎత్తుకున్నారు. పాట పేరు ‘ప్లేయింగ్ ఇన్ ది బ్యాండ్’. మూడో నిమిషంలో గొంతులు ఆగి వాయిద్యాలే మిగిలాయి. ఏడో నిమిషానికి యాంకరమ్మ మైకు అందుకుని “థాంక్యూ, అందరూ గట్టిగా చప్పట్లు” అన్నారు. ల్యాప్‌టాప్ దగ్గరున్నవారు తర్వాతి ఐటమ్ ట్రాక్ వదిలేశారు. పిల్లలు సారీ చెప్పి దిగిపోయారు. చప్పట్లు బాగానే పడ్డాయి. ఎక్కువ గుచ్చుకున్నది అదే.

వాళ్లకు ఇచ్చింది పదిహేను నిమిషాలు. టైమ్ మించిందని ఆపలేదు, పాట అయిపోయిందనుకుని ఆపారు. అయిపోలేదు. ఆ పాట కట్టే అంత: పదేసి లెక్కలో నడుస్తుంది, చరణాలు ముగిశాక లెక్క వదిలి ఎటో వెళ్తుంది, చాలాసేపు తిరిగి మళ్లీ పల్లవికి వచ్చి వాలుతుంది. 1972లో ఆ బ్యాండ్ గిటారిస్టు బాబ్ వియర్ ఆల్బమ్ కోసం స్టూడియోలో చేసినప్పుడు ఏడున్నర నిమిషాలు. 1974 మే 21న సియాటిల్లో అదే పాట 46 నిమిషాలు. కొన్ని రాత్రులు మధ్యలో వేరే పాటలు దూర్చి, వాటన్నిటి తర్వాత పల్లవికి వచ్చేవారు. ఆ వాలడం కోసమే అభిమానులు కాచుకుని కూర్చుంటారు. మన హాల్లో తెగిపోయింది సరిగ్గా అక్కడే.

ఇలా వినడం మనకేం కొత్త? పద్యనాటకంలో ‘జెండాపై కపిరాజు’ నాలుగు పాదాల పద్యం. చదివితే అర నిమిషం పట్టదు. స్టేజీ మీద కృష్ణుడు పాదం చివర రాగం తీస్తే ఎన్ని నిమిషాలయినా జనం కదిలేవారు కాదు. పైగా వన్స్ మోర్. మళ్లీ పాడితే మొదటిసారిలా ఉండకూడదు, ఉంటే ఊరుకునేవారు కాదు. ఏ కృష్ణుడు ఏ ఊళ్లో ఎక్కడ ఎత్తుకున్నాడో, ఎక్కడ దించాడో తెల్లవార్లూ వాదించుకునేవారు. డెడ్‌హెడ్స్, అంటే ఆ బ్యాండ్ అభిమానులు, చేసేదీ అదే, కాకపోతే తేదీలతో సహా. 1965 నుంచి 1995లో ప్రధాన గిటారిస్టు జెర్రీ గార్సియా పోయేదాకా బ్యాండ్ రెండువేల మూడువందలకు పైగా కచేరీలు చేసింది. రాత్రి రాత్రికీ పాటల వరస మారిపోయేది.

వినాలనుకునేవారు ఆల్బమ్‌లతో కాక ఒకే పాటతో మొదలుపెట్టండి. ‘డార్క్ స్టార్’ తీసుకుంటే 1969 ఫిబ్రవరి 27 ఫిల్‌మోర్ వెస్ట్‌ది ఒకటి, 1972 ఆగస్టు 27 వెనీటాది ఇంకొకటి. మొదటిసారి గార్సియా గిటార్ జోలికి పోకుండా ఫిల్ లెష్ బేస్ ఒక్కటే పట్టుకుని వినండి. అది కింద కూర్చుని తాళం వేసే బేస్ కాదు, గిటార్‌కు ఎదురు మాట్లాడుతూ ఉంటుంది. తాళం తెలిసినవారికి ఇంకో తలుపుంది. ‘ది ఎలెవెన్’ పదకొండు లెక్క: మూడు, మూడు, మూడు, రెండు. చేత్తో వేసి చూడండి. ‘ఎస్టిమేటెడ్ ప్రాఫెట్’ ఏడు. మిశ్రచాపు అలవాటైన చెయ్యి అక్కడ దారి తప్పదు. బ్యాండ్ డ్రమ్మర్ మికీ హార్ట్ తబలా విద్వాంసుడు అల్లా రఖా దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడు. ఆయన 1991 ఆల్బమ్ ‘ప్లానెట్ డ్రమ్’లో జాకీర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం ఉన్నాయి. ఈ బ్యాండ్ పాటను గోల అన్నవారు ఆ రాత్రి మన వరసల్లోనే కూర్చున్నారు.

కమిటీ వైపు కూడా చూడాలి. హాలు పదింటికి ఖాళీ చెయ్యాలి, భోజనాలు చల్లారిపోతాయి, నలభై ఐటమ్‌లు, ఎవరి పిల్లల్ని తీసేసినా మాట పడాలి. నిజమే. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, స్పాన్సర్ల ప్రసంగాలు కలిపి ముప్పావుగంట పట్టాయన్నదీ నిజమే. వాటి మధ్యలో ఎవరూ ట్రాక్ వదల్లేదు.

అసలు తప్పు సౌండ్ దగ్గర మొదలైంది. మన ఏర్పాటంతా కరోకేకి తగ్గది: ఎనిమిది చానళ్ల మిక్సర్, రెండు స్పీకర్లు, వైర్‌లెస్ మైకులు. సినిమా ట్రాక్ మొదటినుంచి చివరిదాకా ఒకే మట్టంలో వస్తుంది. బ్యాండ్ అలా రాదు, జామ్, అంటే గొంతులు ఆగాక వాయిద్యాలే అప్పటికప్పుడు అల్లుకునే భాగం, మెల్లగా మొదలవుతుంది. ‘వినపడట్లేదు’ అని శబ్దం పెంచే మీట, ఫేడర్, పైకి తోశారు. పాడని మూడు మైకులూ తెరిచే ఉన్నాయి, డ్రమ్స్ మోతంతా వాటిలోకి వెళ్లి కూత మొదలైంది. ఈ కూతతో గ్రేట్‌ఫుల్ డెడ్ కూడా తల పట్టుకుంది. 1974 నాటి వాళ్ల స్పీకర్ల గోడ, వాల్ ఆఫ్ సౌండ్‌లో, స్పీకర్లు వాయించేవాళ్ల వెనకే ఉండేవి. అందుకని గాయకుడికి రెండు మైకులు ఒకదాని సిగ్నల్ రెండోదానికి తలకిందులయ్యేలా (ఎదురెదురు పోలారిటీలో) కలిపి, ఒక్కదాంట్లోనే పాడించేవారు. వెనకనుంచి వచ్చి రెండింటిలోనూ పడ్డ శబ్దం చాలామటుకు కొట్టుకుపోయేది.

మనకు అంత అక్కర్లేదు. డ్రమ్స్‌లో కిక్, స్నేర్, పైనుంచి పట్టే ఓవర్‌హెడ్ ఒక్కొక్కటి, బేస్‌ను నేరుగా మిక్సర్‌కు కలిపే డీఐ ఒకటి, గిటార్లు రెండు, కీబోర్డుకు రెండు, గొంతులు మూడు. మొత్తం పదకొండు. పదహారు చానళ్ల మిక్సర్ అద్దెకు తెస్తే సరిపోతుంది. గిటార్ ఆంప్‌లు జనం మొహాన కాకుండా స్టేజీకి అడ్డంగా తిప్పాలి. వాయించేవాళ్లు తమను తాము వినే స్పీకర్లు, మానిటర్లు, మైకు వీపు వైపు ఉండాలి. పాట ఆగి జామ్ మొదలవగానే గొంతుల మైకులు మ్యూట్ చెయ్యాలి. దానికి పాట తెలిసిన మనిషి ఒకరు మిక్సర్ దగ్గర నిలబడాలి. డ్రమ్స్ బిగించడానికి పదిహేను నిమిషాలు, సౌండ్ చెక్‌కు అరగంట. ఈ పని భోజన విరామంలో పెడితే ఎవరి ఐటమూ పోదు.

రికార్డింగ్ మాట. ఆ రాత్రి ముందు వరసలో ఫోన్లు బోలెడు లేచాయి, వినదగ్గ రికార్డు ఒక్కటీ మిగల్లేదు. డెడ్ కచేరీల్లో టేపర్లు, అంటే కచేరీని రికార్డు చేసుకునే అభిమానులు, పెట్టే మైకు స్టాండ్లు మిక్సర్‌కు అడ్డం వస్తుంటే, బ్యాండ్ ఆ అభిమానులను తరిమెయ్యలేదు. 1984 అక్టోబరులో బర్క్‌లీలో మిక్సర్ వెనక వాళ్లకే వేరే చోటు ఇచ్చింది. షరతు ఒక్కటే, అమ్ముకోకూడదు. ఖాళీ క్యాసెట్, తపాలా ఖర్చు పంపితే కాపీ వచ్చేది. కాపీకి కాపీ తీసేకొద్దీ హిస్ పెరిగేది, అందుకే ‘ఇది ఎన్నో తరం?’ అన్నది మొదటి ప్రశ్న. బెట్టీ కాంటర్ టేపు మీద పట్టిన 1977 మే 8 కార్నెల్ కచేరీ అలా చేతులు మారి మారి, 2011లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరిచే రికార్డింగుల జాబితాకెక్కింది.

మన హాల్లో మిక్సర్ నుంచి నేరుగా వచ్చే శబ్దం, అంటే ఫీడ్, ఒక్కటే తీస్తే గొంతులే మోగి డ్రమ్స్ సన్నగిల్లుతాయి. చిన్న హాల్లో డ్రమ్స్‌కు మైకు సాయం పెద్దగా అక్కర్లేదు కాబట్టి మిక్సర్ దాకా వచ్చేది తక్కువే. మిక్సర్ పక్కన ఎనిమిదడుగుల స్టాండు మీద రెండు మైకులు, 17 సెంటీమీటర్ల ఎడంగా, 110 డిగ్రీలు విప్పి పెట్టండి. రికార్డింగ్ లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దాటనివ్వకండి. మిక్సర్ ఫీడ్, ఈ మైకుల రికార్డు రెండూ కలిపేటప్పుడు మైకు స్టేజీకి ఎన్ని మీటర్ల దూరంలో ఉంటే మీటరుకు మూడు మిల్లీసెకన్ల చొప్పున ఫీడ్‌ను వెనక్కి జరపాలి. లేకపోతే ప్రతి దెబ్బా రెండుసార్లు వినపడుతుంది.

దీపావళికి ఇంకా టైమ్ ఉంది. ఆ పిల్లల్ని మళ్లీ పిలవండి. ఇరవై అయిదు నిమిషాలు, భోజనాల తర్వాత మొదటి ఐటమ్. యాంకరమ్మ కాగితం మీద ఒక్క ముక్క రాసి ఇవ్వండి: డ్రమ్మర్ తల ఊపేదాకా మైకు ముట్టుకోవద్దని. మధ్యలో డ్రమ్స్ ఒక్కటే మోగే చోటొకటి వస్తుంది. డెడ్ కచేరీల్లో టేపర్లు క్యాసెట్ తిప్పుకున్నది అలాంటప్పుడే. కూర్చోలేనివారు అప్పుడు లేచి టీ తెచ్చుకోవచ్చు. తలుపు మాత్రం మెల్లగా వెయ్యండి, మైకులు నడుస్తుంటాయి.