చిమన్ సింగ్ మహావీర చక్ర పరిహారం కాదు

డిసెంబరు 4న జరిగే నౌకాదళ దినోత్సవం దగ్గరపడుతున్న కొద్దీ విశాఖపట్నంలో ఒక వాట్సాప్ సందేశం విపరీతంగా చేతులు మారుతోంది. అందులో ఉన్నవి మూడు ఆరోపణలు: యుద్ధంలో నౌకాదళానికి వచ్చిన పెద్ద పతకాలన్నీ అధికారులకే దక్కాయి, ఓడ లోపల పనిచేసే నావికుడికి సాహసం చూపే సందర్భమే రాదు, 1971 భారత్-పాక్ యుద్ధంలో చిమన్ సింగ్‌కు ఇచ్చిన మహావీర చక్ర (దేశంలో రెండవ అత్యున్నత యుద్ధకాల శౌర్య పురస్కారం), మన విమానాలు పొరపాటున అతని బోటును ముంచినందుకు ఇచ్చిన పరిహారం మాత్రమే. తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరిలో, మాజీ నావికుల కుటుంబాలెన్నో నివసించే మల్కాపురం, గాజువాకల్లో కూడా ఇది నిజమని చెలామణి అవుతుంటే చూస్తూ ఊరుకోలేము.

మొదటి ఆరోపణకు జవాబు ఆ సందేశంలోనే ఉంది. చిమన్ సింగ్ అధికారి కాదు, లీడింగ్ సీమన్ హోదాలో ఉన్న నావికుడు. మహావీర చక్రకు హోదాతో నిమిత్తం లేదు.

మూడవ ఆరోపణ అన్నిటికన్నా అన్యాయమైనది, ఎందుకంటే అది సగం నిజాన్ని అడ్డం పెట్టుకుంది. 1971 డిసెంబరు 10న ఖుల్నా వైపు సాగిన పద్మ, పలాష్ అనే, భారత నావికులు కూడా ఉన్న ముక్తివాహిని (బంగ్లాదేశ్ విముక్తి పోరాట దళం) గన్‌బోట్లను భారత విమానాలు శత్రువులవని పొరబడి ముంచిన మాట వాస్తవమే. అయితే పతకం బోటు మునిగినందుకు ఇవ్వలేదు. మునిగిన తరువాత అతను చేసిన పనికి ఇచ్చారు. ప్రాణాలతో నీటిలో పడినవారిపై ఒడ్డు నుంచి శత్రువు కాల్పులు జరుపుతున్నాడు. తీవ్రంగా గాయపడిన చిమన్ సింగ్, గాయాల వల్ల తేలలేక అవస్థపడుతున్న ఒక అధికారినీ, మరో నావికుడినీ గమనించి, తూటాల మధ్యనే వారి దగ్గరకు ఈది, ఇద్దరినీ ఒడ్డుకు చేర్చాడు. అంతటితో ఆగకుండా, ఆ గాయాలతోనే శత్రువులకు ఎదురుగా దూసుకెళ్లి వారి దృష్టిని తనవైపు తిప్పుకోవడం వల్లనే ఆ ఇద్దరూ పట్టుబడకుండా తప్పించుకోగలిగారు. అతను మాత్రం యుద్ధఖైదీగా చిక్కి, బంగ్లాదేశ్ విముక్తి తరువాతే ఆసుపత్రికి చేరాడు. పారిపోవడానికి వీలున్నా ఎదురెళ్లిన మనిషికి దక్కిన గౌరవాన్ని పరిహారమని ఏ నోటితో అంటాము?

ఇక రెండవది. అదే రోజు, అదే దాడిలో, పలాష్ ఇంజను గదిలో రుహుల్ అమీన్ అనే ఆర్టిఫిసర్ (ఇంజను యంత్రాలను చూసుకునే సాంకేతిక నావికుడు) ఉన్నాడు. బోటుకు నిప్పంటుకున్నా ఇంజనును వదలక దానిని కాపాడేందుకు చివరివరకూ ప్రయత్నించిన ఆయన, ఆ రోజే ప్రాణాలు కోల్పోయాడు. బంగ్లాదేశ్ తన అత్యున్నత శౌర్య పురస్కారమైన బీర్ శ్రేష్ఠోను మొత్తం ఏడుగురికే ఇచ్చింది. వారిలో నౌకాదళానికి చెందినవాడు రుహుల్ అమీన్ ఒక్కడే. ఓడ లోపలి సిబ్బందికి సాహసం చూపే సందర్భం రాదన్న వాక్యాన్ని, ఆ సందేశాన్ని ఇంకా పంపుతున్నవారు ఈ నౌకాదళ దినోత్సవానికి ముందే తొలగించాలి.