పోకర్ టేబుల్ కాడ మీ ఇల్లు కూడా కూసుంటది

"నెల జీతం 50 వేలు. గోవా క్యాసినోల నాలుగు రాత్రులు పోకర్ మంచిగ ఆడితే గంతే వస్తది. మరి ఈ నౌకరి ఎందుకు?" నల్లగొండల, పాలమూరుల ఈ లెక్క వేసెటోళ్లు ఉన్నరు. తెలివి తక్కువోళ్లేం కాదు. దసరాకు చెట్టు కింద మూడు ముక్కలాట ఆడి ఊరుకునే బాపతు అసలే కాదు. ఏ ముక్కలకు ఎట్ల ఆడాల్నో లెక్క కట్టి చూపే సాల్వర్ సాఫ్ట్‌వేర్ ముందు కూసొని నేర్చుకున్నరు, ఆట వచ్చు. అందుకే "అదంతా లక్కు, జూదం" అనే పెద్దమనుషుల మాట నేను మాట్లాడ. ఆట వచ్చినోడే, గెలిచెటోడే, ఇల్లు నడపబోయి ఎట్ల మునుగుతడో లెక్క కట్టి చెప్త.

50/100 ఆట అనుకుందాం. బిగ్ బ్లైండ్, అంటే ముక్కలు చూడకముందే ఒకరు తప్పక పెట్టే పందెం, 100 రూపాయలు; బై-ఇన్, అంటే టేబుల్ కాడ కూసునేటందుకు తెచ్చే పైసలు, 10 వేలు. మనోడు గంటకు సగటున 5 బిగ్ బ్లైండ్లు, అంటే 500 రూపాయలు గెలుస్తడు. ఎదురుంగ కూసొని ఆడే ఆటల అది మంచి ఆటగాడి లెక్కనే. నెలకు 120 గంటలు కూసుంటే 60 వేలు. జీతం కన్న 10 వేలు ఎక్కువ. ఈడిదాక అందరు వేస్తరు.

కానీ సగటు ఒక్కటే చాలదు, ఊగుడు ఎంతనో కూడా చూడాలె. గంటకు 50 బిగ్ బ్లైండ్లు అటో ఇటో ఊగుడు ఈ ఆటల మామూలే. 120 గంటలకు అది సుమారు 550 బిగ్ బ్లైండ్లయితది, అంటే 55 వేలు. 60 వేల సగటు మీద 55 వేల ఊగుడు! ఏడు నెలలల్ల ఒక నెల ఉత్త చేతులతోటి కాదు, ఎదురు పోగొట్టుకొని వస్తడు. ఆట తప్పాడి కాదు. ఏసులు రెండు చేతిల పట్టుకొని ఎదుటోని రాజుల జంట మీద పైసలన్ని పెట్టినా అయిదుసార్లల్ల ఒకసారి దగ్గరదగ్గర ఓడుడే ఉంటది.

ఇప్పుడు ఇల్లు. నల్లగొండల ఇద్దరు పిల్లలున్న సంసారం: కిరాయి 9 వేలు, ఫీజులు 8, కిరాణం పాలు కూరగాయలు 12, బండిదో ప్లాటుదో ఈఎంఐ 10, కరెంటు పెట్రోలు ఫోన్లు 4, ముసలోళ్ల మందులు 3. మొత్తం 46 వేలు. పెండ్లిళ్లు, బోనాలు, దవాఖాన ఇండ్ల కలుపలే. ఈ 46 వేలు 460 బిగ్ బ్లైండ్లు. అంటే నెలల 92 గంటలు మనోడు ఇంటి కోసమే కూసుంటడు, తన కోసం మిగిలేది 28 గంటలు. ఆ లెక్కన ఏడాదిల దాదాపు అయిదు నెలలు ఆట ఇంటి ఖర్చును కూడా అందుకోలేదు. ఆ నెలలల్ల పైసలు యాడికెళ్లి వస్తయి? ఆట కోసం పక్కకు పెట్టిన మూటలకెళ్లే.

అసలు సంగతి ఈ మూటల ఉన్నది. 3 లక్షలు, అంటే 30 బై-ఇన్లు, పెట్టుకొని మొదలుపెట్టిండనుకో. పెండ్లి గాని పిల్లగాడు, తిండి అమ్మ పెడ్తది, మూటలకెళ్లి రూపాయి తియ్యడు. గంటకు 5 గెలిచే వాని మూట మునిగే అవకాశం లక్షల ఒకటి కూడా లేదు. అదే ఆట, అదే మూట, నెలనెలా 46 వేలు తీస్తే 6 శాతమయితది. దానికి గోవా రాకపోకలు, లాడ్జి కలిపి 14 వేలు (15 రాత్రులకు ఇది పిసినారి లెక్క) తీసినమనుకో, మిగులు సున్న. మిగులు సున్న అయితే ఎప్పుడో ఒకప్పుడు మూట మునుగుడు ఖాయం. ఎన్నడనేదే తెల్వదు.

ఇంకోటి. గోవా ఖర్చు పక్కకు పెట్టు. 5 అనుకున్న గెలుపు అసలుకు 4 అయితే? ఇంటి ఖర్చు పోను నెలకు మిగిలేది 2 వేలు. మూట మునిగే అవకాశం 6 శాతం నుంచి 67 శాతానికి ఎగురుతది. గంటకు 100 రూపాయల తేడాకు! మరి 5 ఎవరు, 4 ఎవరు అని ఎట్ల తెలుస్తది? 500 గంటలు రాసిపెట్టుకున్న పుస్తకం చూపిస్తరు. ఇంత ఊగే ఆటల 500 గంటలకు 5 కనబడితే నిజం 3 కావచ్చు, 7 కావచ్చు. ఒక బిగ్ బ్లైండ్ తేడాతోటి పట్టుకోవాలంటేనే 2500 గంటలు కావాలె. నెలకు 120 చొప్పున 21 నెలలు. ఆరు నెలలు గెలిచి రాజీనామా రాసెటోడు ఏం చూసి రాస్తున్నడో వానికే తెల్వదు. ఇంకా రేక్, అంటే ప్రతి ఆటల క్యాసినో తీసుకునే వాటా, సంగతి జెప్పలే. గంటకు 30 ఆటలు పడితే, ఒక్కోదానికెళ్లి సగటున 200 తీసినా, తొమ్మిది మందిల మనిషికి గంటకు 660 దాటుతది. అది కట్టినంక మిగిలేదే ఆ 500.

పన్ను కాడికొస్తే చాలామంది నోరు తెరుస్తరు. గెలిచిన రోజులన్ని కలిపి 12 లక్షలు, ఓడిన రోజులు 8 లక్షలు అనుకుందాం. చేతికొచ్చింది 4 లక్షలు. కార్డుల ఆట గెలుపు మీద పన్ను 30 శాతం, సెస్ కలిపితే 31.2. ఓడింది తీసెయ్యనియ్యరు, బస్సు కిరాయి తీసెయ్యనియ్యరు, జీతగాళ్లకున్నట్టు ఇంతదాక పన్ను లేదు అనే గీత కూడా దీనికి లేదు. అట్ల 12 లక్షల మీద 3,74,400. మిగిలేది 25,600. ఏడాదికి! "ఎవరు చూపిస్తరే అన్నా" అంటరు. మంచిదే, చూపియ్యకు. రేపు ఇంటి లోనుకు ఐటీ రిటర్న్ అడిగినప్పుడు బ్యాంకుల ఏం పెడ్తవ్?

ఇగ చట్టం. తెలంగాణల 2017ల గేమింగ్ చట్టం మార్చినప్పటి నుంచి నైపుణ్యం ఆట అనే సాకు కూడా చెల్లదు. రమ్మీ నైపుణ్యం ఆటని సికింద్రాబాద్‌ల ఒక క్లబ్బు కేసుల సుప్రీంకోర్టు 1960లల్లనే చెప్పింది గదా అని వాట్సాప్‌ల తిప్పెటోళ్లు ఆ 2017 సంగతి ఎందుకు మరుస్తరో. 2025 ఆగస్టుల పార్లమెంటు పైసల ఆన్‌లైన్ ఆటలన్నిటిని, నైపుణ్యమైనా అదృష్టమైనా, బంద్ పెట్టింది. యాప్‌లు నడిపెటోళ్లకు మూడేండ్ల దాక జైలు, కోటి దాక జరిమానా. ఆడెటోన్ని జైల్ల పెట్టరు, నిజమే. కానీ యాప్‌ల మీదనే బతుకుత అనుకున్నోని ఆదాయం వారం రోజులల్ల మాయమైంది. ఏ నౌకరైనా అట్ల వారంల పోతదా? వీపీఎన్ పెట్టి బయటి దేశం సైట్లల్ల ఆడి, ఎవడో తెల్వనోని ఖాతా నుంచి పైసలు తెప్పించుకుంటే, ఆ ఖాతా మీద యాడనో సైబర్ కేసున్నదని మన ఖాతా ఆపేస్తరు. అదే ఖాతాల పిల్లల ఫీజు పైసలుంటయి.

మామిడి తోటల, ఫాంహౌస్‌ల ఆట గురించి ఎక్కువ చెప్పుడు వద్దు. పోలీసులు వస్తే టేబుల్ మీది పైసలు, ఫోన్లు, బండ్లు పట్టుకపోతరు, తెల్లారి పేపర్ల 'పేకాట రాయుళ్లు' అని పడ్తది. రాకున్నా, ఆడ గెలిచింది సగం ఉద్దెరనే. ఉద్దెర వసూలు చేసుడు పోకర్ కాదు, వేరే పని.

ఇంట్లకు తెల్వకుండ మూట నింపే తొవ్వలు మన దిక్కు తయారుగ ఉంటయి, అదే భయం. చిట్టీ ఎత్తుడు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుడు, ఇంటామె పేరు మీద మహిళా సంఘం లోను. 3 లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 9 వేలు, అంటే 90 బిగ్ బ్లైండ్లు, 18 గంటల ఆట వడ్డీకే. పైన చూసిన 28 గంటలల్లకెళ్లి 18 పాయె. సంఘం లోను అయితే కిస్తు తప్పిన నెల మిగతా ఆడోళ్లంత మీ గుమ్మం ముందట ఉంటరు.

సర్కారు నౌకరయితే రాజీనామా మంజూరైనంక వెనుకటి సర్వీసు పోతది, హెల్త్ కార్డు పోతది. సీపీఎస్ పింఛన్‌ల ఉన్నోళ్లు ముందుగాల బయటికొస్తే పోగైన దాంట్ల మామూలుగ 80 శాతం యాన్యుటీకే, అంటే పింఛన్ లెక్క కొంచెం కొంచెం ఇచ్చే పాలసీకే, చేతికి 20. ప్రైవేటుల పర్మనెంట్ నౌకరి అయిదేండ్లు నిండక ముందు మానేస్తే మామూలుగ గ్రాట్యుటీ కూడా రాదు.

ఇంత చెప్పినా వినని తమ్ములుంటరు. సరే, అట్లనయితే నౌకరి ఉండంగనే, సెలవు రోజులల్ల, ఆట నడవనిచ్చే జాగాకే పోయి, ప్రతి కూసుడును రాయి: తారీఖు, గంటలు, తెచ్చింది, తీస్కపోయింది, రూము కిరాయి. గుర్తున్నంత కాదు, లేచిన నిమిషంల. మూటకు ఒక ఖాతా, ఇంటికి ఒక ఖాతా, రెంటి నడుమ ఏటీఎం కార్డు తిరుగొద్దు. ఇంటి ఖాతాల రెండేండ్ల ఖర్చు, 46 వేల లెక్కన 11 లక్షల 4 వేలు, మూటకు సంబంధం లేకుండ పడి ఉండాలె. సొంత హెల్త్ పాలసీ ముందుగాలనే తీసుకో, షుగర్ బీపీ పాత రోగాలకు మొదలు ఎదురుచూపు ఉంటది. మూట సగమైతే చిన్న టేబుల్‌కు దిగుత అని కాయితం మీద రాసి ఇంటామెకు ఇయ్యి. ఆ కాయితం ఆమె చేతిలకు పోయే ధైర్యం లేకపోతే 2500 గంటల పుస్తకం తెరిచే అవసరం కూడా లేదు.